బటన్‌కి, బల్బుకి మధ్య: మెరిసి ఆరిపోయే ఒక హెడ్‌లైట్ కథ

మోడల్ రైళ్ల ఇంజన్లలో డీకోడర్లు (ఆజ్ఞలు అందుకునే చిన్న సర్క్యూట్ బోర్డులు) పెట్టడం, వాటి లైట్లకు ప్రోగ్రామింగ్ చేయడం అమెరికాలో నా సాయంకాలపు పని. వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం రాయదగ్గవి కావు. తెగిన వైరు, మాడిన ఎల్‌ఈడీ, అంతే. ఈ కేసులో మాత్రం మూడు వేర్వేరు తప్పులు ఒకే ఇంజన్‌లో దాక్కున్నాయి. పైగా ఒక తప్పును కనిపెట్టకుండా, లేని తప్పుకు చేసిన మరమ్మతు అడ్డుపడింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. యజమాని పేరు, ఊరు, ఇంజన్ మీదున్న కంపెనీ రంగులు, నంబరు, డీకోడర్ బ్రాండ్ ఇక్కడ ఉండవు.

నేపథ్యం

యజమాని రిటైరైన తెలుగు పెద్దాయన. పిల్లల దగ్గర ఉంటూ బేస్‌మెంట్‌లో హెచ్‌ఓ లేఅవుట్ కట్టుకున్నారు. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఇంజన్ 2000 తర్వాతి కాలపు ఆరు యాక్సిళ్ల అమెరికన్ డీజిల్. సౌండ్ డీకోడర్ ఉంది. ముందు హెడ్‌లైట్, వెనక హెడ్‌లైట్, ముందు కింది భాగంలో రెండు డిచ్ లైట్లు.

డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. పాత డీసీ పద్ధతిలో పట్టాల్లో వోల్టేజీ పెంచితే రైలు కదిలేది, లైటు కూడా దాంతోపాటే ప్రకాశించేది. డీసీసీలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. ఆ వోల్టేజీ మీదే కమాండ్ స్టేషన్ ప్యాకెట్లు పంపుతుంది. ఇంజన్లోని డీకోడర్ తన అడ్రస్ ఉన్న ప్యాకెట్‌నే పట్టించుకుని మోటారును, లైట్లను నడుపుతుంది. డీకోడర్ ఎలా ప్రవర్తించాలో సీవీలు అనే నంబర్ల గదుల్లో రాస్తాం. 1990ల్లో అమెరికా మోడల్ రైల్ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ దీన్ని ప్రమాణంగా తీసుకోవడం వల్లే ఒక కంపెనీ డీకోడర్ ఇంకో కంపెనీ థ్రాటిల్‌తో, అంటే రైలు నడిపే చేతి కంట్రోలర్‌తో, మాట్లాడుతోంది. మాట్లాడతాయి సరే, రెండూ ఒకే లెక్కలో ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. ఈ కేసులో సగం అదే.

వచ్చిన ఫిర్యాదు

ఫోన్‌లో ఆయన చెప్పింది దాదాపు ఇది: "బాబూ, ఇంజన్ ఆగి ఉంటే హెడ్‌లైట్ వెలగదు. కదిలితే టపటపా కొట్టుకుంటుంది. బెల్లు నొక్కితే ఎడమ పక్క చిన్న లైటు వస్తుంది. హారన్ నొక్కితే రెండూ వస్తాయి గానీ మెరవవు. డీకోడర్ పోయింది, కొత్తది వేసెయ్యి."

డీకోడర్ వేసేయడం నాకు అరగంట పని, డబ్బులు కూడా వస్తాయి. కానీ ఆయన చెప్పిన నాలుగు లక్షణాల్లో ఒక్కటి కూడా పోయిన డీకోడర్ లక్షణంలా లేదు. పోయిన డీకోడర్ పనిచేయదు, లేదా వేడెక్కుతుంది, లేదా పొగ వాసన వస్తుంది. ఇది బుద్ధిగా ప్రతిసారీ ఒకే తప్పు చేస్తోంది. ఒకేలా తప్పు చేసే సర్క్యూట్ దాదాపు ఎప్పుడూ చెప్పింది చెప్పినట్టు చేస్తున్నట్టే లెక్క.

ఆయన ముందే చేసిన ప్రయత్నాలు

కదిలేటప్పుడు లైటు కొట్టుకుంటే ఎవరైనా మొదట అనుకునేది చక్రాల మురికే. ఆయనా అదే అనుకున్నారు. చక్రాలు తుడిచారు, పట్టాలు ఆల్కహాల్‌తో శుభ్రం చేశారు. మార్పు లేదు. తర్వాత కీప్ అలైవ్ పెట్టించారు. అది కెపాసిటర్ల చిన్న గుత్తి. పట్టాల నుంచి కరెంటు క్షణం పాటు తెగినా ఇంజన్ ఆగకుండా చూస్తుంది. అయినా లైటు కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు రీసెట్ చేశారు. ఆ డీకోడర్‌కు సీవీ 8లో 8 రాస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్తుంది, అడ్రస్ 3 అవుతుంది. ఆశ్చర్యం, హెడ్‌లైట్ చక్కగా వెలిగింది. సంతోషంగా ఇంజన్ మీదున్న నాలుగంకెల నంబరును మళ్లీ అడ్రస్‌గా పెట్టుకున్నారు. మళ్లీ టపటపా. దాంతో "ఈ డీకోడర్‌కు నాలుగంకెల అడ్రస్ పడదు" అని తేల్చేశారు.

ఈ ఆఖరి ముక్క ఆయన మాటల మధ్యలో చెప్పి వదిలేశారు. నాకు మాత్రం మొత్తం కేసులో అన్నిటికంటే విలువైన సమాచారం అదే. రీసెట్‌తో పోయి అడ్రస్‌తో తిరిగి వచ్చిందంటే, చక్రాలు, వైర్లు, ఎల్‌ఈడీ అన్నీ నిర్దోషులే. అడ్రస్ పెట్టేటప్పుడు రాసే అంకెల్లో ఏదో ఉంది.

మొదటి పరీక్ష

ఇంజన్ రాగానే నా బెంచ్ మీద పట్టాల ముక్కపై పెట్టి ఆయన అడ్రస్‌తో పిలిచాను. కొట్టుకుంటుందనుకున్న హెడ్‌లైట్ అసలు వెలగనే లేదు. ఆగి ఉన్నా లేదు, పరుగెత్తినా లేదు. ఆయన ఇంట్లో టపటపా, నా ఇంట్లో చీకటి. అదే ఇంజన్, అదే డీకోడర్.

మధ్యలో మారింది కమాండ్ స్టేషన్ ఒక్కటే. నాది 128 స్పీడ్ స్టెప్పుల్లో, అంటే వేగాన్ని 128 మెట్లుగా విభజించి, నడుస్తుంది. ఆయనది పాత సిస్టమ్, ఈ అడ్రస్‌కు 28 స్టెప్పులు పంపుతోంది. నా థ్రాటిల్‌ను కూడా ఆ అడ్రస్‌కు 28కి మార్చాను. వెంటనే ఆయన చెప్పిన జబ్బు నా బెంచ్ మీద ప్రత్యక్షమైంది.

ఇప్పుడు నాబ్‌ను ఒక్కొక్క మెట్టు చొప్పున తిప్పాను. మెట్టు 1: ఆరింది. మెట్టు 2: వెలిగింది. 3: ఆరింది. 4: వెలిగింది. ఏ మెట్టు మీద ఆపితే ఆ స్థితిలోనే కదలకుండా నిలబడింది. ఇంజన్‌ను పట్టాల మీద ఎక్కడ ఉంచినా అంతే. మురికి వల్ల అయితే లైటు చోటును బట్టి మారాలి. ఇక్కడ అంకెను బట్టి మారుతోంది. పైగా మురికైతే శబ్దం కూడా తెగుతూ ఉండాలి, ఇంజన్ రొద మాత్రం ఏకధాటిగా వస్తోంది.

కారణం ప్యాకెట్‌లోనే ఉంది. స్పీడ్ చెప్పే బైట్‌లో చివరి అయిదు బిట్లు లెక్కలోకి వస్తాయి. 14 స్టెప్పుల పాత పద్ధతిలో నాలుగు బిట్లు వేగానికి, అయిదోది హెడ్‌లైట్‌కు. తర్వాత 28 స్టెప్పులు వచ్చినప్పుడు ఆ అయిదో బిట్‌ను వేగానికే తీసుకున్నారు, మెట్టుకి మెట్టుకి మధ్య ఇంకో మెట్టు కోసం. హెడ్‌లైట్ సమాచారం వేరే ప్యాకెట్‌లోకి, ఫంక్షన్ల (లైట్లు, శబ్దాల) ప్యాకెట్‌లోకి మారింది. పంపేవాడు 28 లెక్కలో పంపి, వినేవాడు 14 లెక్కలో వింటే, వేగానికి సంబంధించిన ఆ సగం మెట్టు బిట్టును డీకోడర్ "లైటు వెయ్యి, లైటు తియ్యి" అని అర్థం చేసుకుంటుంది. సరి మెట్లలో ఆ బిట్ 1, బేసి మెట్లలో 0. ఆగినప్పుడు 0. ఆయన చెప్పిన ప్రతి లక్షణం దీంతో సరిపోయింది. 128 స్టెప్పులకైతే స్పీడ్ ప్యాకెటే వేరే రకం, అందులో ఆ బిట్టే లేదు, 14 లెక్కలో వినే డీకోడర్ హెడ్‌లైట్ కోసం ఇంకెక్కడా చూడదు. అందుకే నా ఇంట్లో చీకటి.

రీడింగ్ ఎందుకు రాలేదు

14 లెక్కా 28 లెక్కా అన్నది డీకోడర్‌లో సీవీ 29 చెబుతుంది. దాన్ని చదివి చూద్దామని ప్రోగ్రామింగ్ ట్రాక్ (సీవీలు రాయడానికి, చదవడానికి విడిగా ఉంచే పట్టాల ముక్క) మీద పెడితే ఎర్రర్ తప్ప అంకె రాలేదు. ఆయనకూ అంతే జరిగిందట.

ప్రోగ్రామింగ్ ట్రాక్‌లో డీకోడర్ నోరు తెరిచి మాట్లాడదు. అవునని చెప్పడానికి కొద్దిసేపు, సుమారు 6 మిల్లీ సెకన్లు, కనీసం 60 మిల్లీ ఆంపియర్ల కరెంటు అదనంగా లాగుతుంది. ఆ చిన్న కుదుపునే కమాండ్ స్టేషన్ జవాబుగా లెక్కిస్తుంది. ఇక్కడ కీప్ అలైవ్ కెపాసిటర్లు తాము నిండడానికే కరెంటు లాగుతుంటాయి, ఆ గోలలో ఈ కుదుపు కలిసిపోతుంది. అంటే, లేని మురికి కోసం పెట్టించిన భాగం అసలు తప్పును చదవకుండా అడ్డుకుంది. కీప్ అలైవ్ మంచి వస్తువే, నేనూ పెడతాను. కానీ రోగ నిర్ధారణకు ముందు కాదు.

దాని ఒక వైరు విప్పాను. సీవీ 29 వెంటనే చదవగలిగాను: 32.

ఆయన్ని అడిగితే తన నోట్‌బుక్ ఫోటో పంపారు. "4 అంకెల అడ్రస్: 17, 18 రాయి, 29లో 32 రాయి." ఎక్కడో చూసి రాసుకున్నది. సీవీ 29 ఒక అంకెలా కనిపించినా నిజానికి స్విచ్‌ల వరుస. పొడవు అడ్రస్‌ స్విచ్ విలువ 32. 28, 128 స్టెప్పుల స్విచ్ విలువ 2. డీసీ మీద కూడా నడవడానికి 4. కావలసిన వాటిని కూడాలి. మూల చార్టులో "32 కలుపు" అని ఉండి ఉంటుంది, నోట్‌బుక్‌లోకి వచ్చేసరికి "32 రాయి" అయింది. 32 రాయడంతో మిగిలిన స్విచ్‌లన్నీ ఆఫ్ అయ్యాయి, వాటిలో 2 కూడా ఒకటి. ఆయన మిగతా ఇంజన్లన్నీ రెండంకెల అడ్రస్‌లవే, అందుకే వాటికి ఈ జబ్బు ఎప్పుడూ రాలేదు.

34 రాయాలా, 38 రాయాలా అన్నది చిన్న నిర్ణయమే, అయినా ఆలోచించాను. 38 అంటే డీసీ కూడా ఆన్. ఆయన లేఅవుట్‌లో డీసీ లేదు, ఇకపై ఉండదు కూడా. ఆ స్విచ్ ఆన్‌లో ఉంటే, ఏదో షార్ట్ సమయంలో డీకోడర్ పట్టాల్లో డీసీ ఉందని పొరపాటు పడి ఇంజన్ పూర్తి వేగంతో దూసుకుపోయే ప్రమాదం ఉంది. బేస్‌మెంట్‌లో పట్టాలు నేలకు నాలుగడుగుల ఎత్తున ఉన్నాయి. 34 రాశాను. హెడ్‌లైట్ నిలకడగా వెలిగింది, రెండు రకాల థ్రాటిల్‌ల మీదా.

డిచ్ లైట్లు: ముందు ఏం కావాలో తేల్చుకోవడం

హెడ్‌లైట్ సంగతి తప్పు దిద్దడం. డిచ్ లైట్లకు వచ్చేసరికి అసలు ఏది ఒప్పో ముందు మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆయనకు అవి ఎప్పుడూ మెరుస్తూ ఉండాలట. "మన ఇంజన్లకు పసుపు ఫ్లాషర్ ఉంటుంది కదా, అలాంటిదే కదా?" అన్నారు.

కాదండీ అన్నాను. మన రైల్వేలో ఆ ఫ్లాషర్ ప్రమాద సంకేతం. బండి అనుకోకుండా ఆగిపోయి పక్క లైను మీద అడ్డు ఉండొచ్చనిపిస్తే, ఎదురొచ్చే బండిని హెచ్చరించడానికి వేస్తారు. అమెరికా డిచ్ లైట్లు రోజువారీ లైట్లు. హెడ్‌లైట్‌తో కలిసి మూడు దీపాల త్రికోణం ఏర్పడితే లెవెల్ క్రాసింగ్ దగ్గర కారు డ్రైవర్‌కు రైలు ఇంకా ఎంత దూరంలో ఉందో అంచనా దొరుకుతుంది. రోడ్డు క్రాసింగుల మీదుగా గంటకు 20 మైళ్లు దాటి నడిచే ఇంజన్లకు 1997 డిసెంబరు 31 తర్వాత అక్కడి ప్రభుత్వ నిబంధన వీటిని తప్పనిసరి చేసింది. నిలకడగా వెలిగినా చాలు. క్రాసింగ్ దగ్గర మెరవాలంటే మాత్రం నిమిషానికి 40 నుంచి 180 సార్లలోపు ఉండాలి.

దాన్నిబట్టి ఇద్దరం కూర్చుని తెలుగులోనే ఒక కాగితం మీద రాసుకున్నాం: ముందుకు వెళ్తున్నప్పుడు మాత్రమే వెలగాలి, మామూలుగా నిలకడగా ఉండాలి, హారన్ మోగితే ఒకదాని తర్వాత ఒకటి మెరవాలి, హారన్ ఆగాక కాసేపు మెరుస్తూనే ఉండి నిలకడకు రావాలి. ఇంకా ఏ సీవీ జోలికీ పోలేదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఏం కావాలో రాసుకోకుండా సీవీలు మారుస్తూ పోతే, వచ్చింది సరైందో కాదో తేల్చే కొలమానమే ఉండదు.

పని చేయని దారి

ఎడమ డిచ్ లైటు డీకోడర్ మూడో అవుట్‌పుట్ (లైటు వైరు కలిపే చోటు) మీద, కుడిది నాలుగో దాని మీద ఉన్నాయి. ఏ బటన్ ఏ అవుట్‌పుట్‌ను నడపాలో సీవీ 33 నుంచి 46 వరకు ఉన్న పట్టిక చెబుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఎఫ్1 (ఎఫ్ అంటే థ్రాటిల్ మీది ఫంక్షన్ బటన్) మూడో అవుట్‌పుట్‌కు, ఎఫ్2 నాలుగో దానికి కట్టి ఉంటాయి. ఎఫ్1 బెల్లు కూడా. బెల్లు కొడితే ఎడమ లైటు రావడం ఇందుకే. హారన్ బటన్ ఎఫ్2కు ఆయన సీవీ 36లో 12 రాసి రెండు లైట్లనూ కట్టారు. హారన్ నొక్కితే లైట్లు మెరుస్తాయని ఆశ. కానీ ఆ పట్టిక బటన్‌ను అవుట్‌పుట్‌కు కలుపుతుంది, అంతవరకే. ఎలా వెలగాలన్నది అవుట్‌పుట్‌కు విడిగా చెప్పే ఎఫెక్ట్.

లైట్లకు సొంత బటన్ కావాలి. ఎఫ్5 ఖాళీగా ఉందని ఆయన అంతకుముందే సీవీ 39లో కూడా 12 రాసి చూశారట, ఏమీ వెలగలేదట. అది ఆయన తప్పుగా రాయడం వల్ల కాదు. ఎన్‌ఎంఆర్‌ఏ పట్టికలోనే ఒక మెలిక ఉంది. ఒక సీవీలో ఎనిమిది బిట్లే కాబట్టి, ఎఫ్3 వరకు ఉన్న సీవీలు 1 నుంచి 8 అవుట్‌పుట్‌లను చూస్తాయి. ఎఫ్4 దగ్గర కిటికీ జరుగుతుంది, అక్కడి నుంచి ఎఫ్8 వరకు 4 నుంచి 11ను చూస్తాయి. అందుకని ఎఫ్2లో 12 అంటే మూడు, నాలుగు. ఎఫ్5లో అదే 12 అంటే ఆరు, ఏడు. ఆ అవుట్‌పుట్‌లకు ఈ ఇంజన్లో వైర్లే లేవు. ఎఫ్5తో మూడో అవుట్‌పుట్‌ను చేరుకోవడం ఈ మౌలిక పట్టికతో కుదరదు. కొత్త తరం సౌండ్ డీకోడర్లలో కొన్నిటికి ఈ పరిమితి లేని సొంత పట్టికలున్నాయి, దీనికి లేదు.

కాబట్టి ఎఫ్3 ఎంచుకున్నాను. సీవీ 37లో 12. బెల్లు, హారన్‌ల నుంచి లైట్లను తెంపడానికి సీవీ 35లో, 36లో సున్నా. ఈ డీకోడర్‌లో శబ్దాలకు వేరే అమరిక ఉంది కాబట్టి బెల్లు, హారన్ మామూలుగానే మోగాయి.

ఎఫెక్ట్ పెట్టడం

రెండు అవుట్‌పుట్‌లకూ డిచ్ లైట్ ఎఫెక్ట్, ముందుకు వెళ్తున్నప్పుడు మాత్రమే, హారన్‌తో మెరిసే క్రాసింగ్ ఎంపిక పెట్టాను. హారన్ నొక్కితే రెండూ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరాయి. ఒకదానికి ఎదురు ఫేజ్ ఎంపిక కూడా పెడితేనే వంతులవారీగా మెరుస్తాయి. సర్దాను.

తర్వాత మెరుపు ఎంతసేపు కొనసాగాలన్నది. క్రాసింగ్ దగ్గర అమెరికా హారన్ వరుస: రెండు పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు. మధ్యలో విరామాలుంటాయి. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో ప్రతి విరామంలోనూ లైట్లు నిలకడకు వచ్చి, మళ్లీ మెరవడం మొదలుపెడుతున్నాయి. చూడ్డానికి తడబడుతున్నట్టుంది. ఆయన హారన్ కొట్టే అలవాటును బట్టి, ఆయన ఇచ్చే అతి పొడవైన విరామం కంటే కొంచెం ఎక్కువగా ఆ సమయాన్ని పెంచాను. మెరుపు వేగాన్ని ఫోన్ స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టి నిబంధన హద్దుల్లో, కింది వైపుకు తెచ్చాను. చిన్న మోడల్ మీద వేగంగా మెరిస్తే బొమ్మలా కనిపిస్తుంది.

ఎల్‌ఈడీలు కూడా మరీ ప్రకాశంగా ఉన్నాయి, డిచ్ లైట్ల ముందు హెడ్‌లైట్ వెలవెలబోతోంది. వెయ్యి ఓమ్ రెసిస్టర్లు తీసి అంతకంటే పెద్దవి వేశాను. ప్రోగ్రామ్‌లోనే వెలుగు తగ్గించొచ్చు కదా అంటే తగ్గించొచ్చు. కానీ రీసెట్ కొడితే ఆ సెట్టింగ్ పోతుంది, ఈయన రీసెట్ కొట్టే మనిషి. రెసిస్టర్ రీసెట్ అవ్వదు.

కన్సిస్ట్‌లో తేలిన మూడో తప్పు

ఇంజన్ ఇంటికెళ్లాక మళ్లీ ఫోన్: "రెండో ఇంజన్‌తో కలిపి నడిపితే లైట్లు, హారన్ ఏవీ పలకడం లేదు." ఈసారి ఇంజన్ పంపమనలేదు. రెండు ఇంజన్లను కలిపినప్పుడు (దాన్నే కన్సిస్ట్ అంటారు) ఆయన సిస్టమ్ సీవీ 19లో ఉమ్మడి అడ్రస్ రాస్తుంది. ఆ అడ్రస్‌కు వేగం ఆజ్ఞలు వెళ్తాయి, ఫంక్షన్లకు మాత్రం విడిగా అనుమతి ఇవ్వాలి. ఎఫ్1 నుంచి ఎఫ్8 వరకు సీవీ 21, హెడ్‌లైట్‌కూ ఆపైవాటికీ సీవీ 22. ముందు ఇంజన్‌కు బెల్లు 1, హారన్ 2, డిచ్ లైట్లు 4, కూడితే 7. సీవీ 21లో 7 రాయమన్నాను, ఈసారి "కలుపు" అనలేదు. సీవీ 22లో 1, ముందుకు వెళ్తున్నప్పటి హెడ్‌లైట్‌కు. వెనక ఇంజన్‌కు సీవీ 21లో సున్నా, రెండు హారన్లు ఒకేసారి మోగకుండా. వెనక ఇంజన్ హెడ్‌లైట్ విషయం డీకోడర్‌ను బట్టి తేడాగా ఉంటుంది కాబట్టి లెక్క వేయకుండా పట్టాల మీద రెండు దిక్కులా నడిపి చూసి సర్దించాను.

నేర్చుకున్నది, మార్చుకున్నది

ఇప్పుడు లైటింగ్ ఫిర్యాదు వస్తే మొదట అడిగేది వీడియో, అందులో థ్రాటిల్ తెర కూడా కనిపించాలి. ఏ మెట్టు మీద లైటు ఏం చేస్తోందో తెలిస్తే సగం పని ఫోన్‌లోనే అయిపోతుంది. వీలైతే ఇంకో కమాండ్ స్టేషన్ మీద కూడా నడిపి చూడమంటాను. రెండు చోట్ల లక్షణం వేరుగా ఉంటే ఇంజన్‌ను విప్పక్కర్లేదు, తేడా ఆజ్ఞల్లో ఉంది.

బటన్ నుంచి బల్బు వరకు వరుసగా వెళ్తాను: కమాండ్ స్టేషన్ ఏం పంపింది, డీకోడర్ దాన్ని ఏ లెక్కలో విన్నది, బటన్ ఏ అవుట్‌పుట్‌కు కట్టి ఉంది, ఆ అవుట్‌పుట్‌కు ఏ ఎఫెక్ట్ ఉంది, చివరికి వైరు, రెసిస్టర్, ఎల్‌ఈడీ. ఆయన చివరి నుంచి మొదలుపెట్టారు, ఎందుకంటే చేతికి అందేది అదే. రీసెట్‌తో లక్షణం పోయినప్పుడు మాత్రం ఆగి, తిరిగి రాసే ప్రతి అంకె తర్వాతా లైటు చూసుకుని ఉంటే, 29 దగ్గర దొరికిపోయేది.

కీప్ అలైవ్ పెట్టినప్పుడల్లా ఇప్పుడు చిన్న ప్లగ్ వేస్తున్నాను, ప్రోగ్రామింగ్ ముందు ఊడదీయడానికి. ఇంజన్ డబ్బాలో మూత కింద సీవీ కాగితం ఒకటి, పక్కనే తెలుగులో ఏది ఎందుకో.

ఆయన రెండో ఇంజన్ డీకోడర్ పాతది, దానికి ఎదురు ఫేజ్ ఎంపిక లేదు. రెండు డిచ్ లైట్లూ ఒకేసారి మెరవడం అసలు రైలులో కనిపించని దృశ్యం. డీకోడర్ మార్చమంటారా అని అడిగారు. వద్దన్నాను, నిలకడగా వదిలేయమన్నాను. అక్కడ చాలా ఇంజన్లు నిలకడ లైట్లతోనే తిరుగుతాయి, నిబంధన కూడా ఒప్పుకుంటుంది.